పెరిజాత్‌కి మీరేమవుతారు?

బయటి దేశాల ప్రోగ్రాం వాళ్ళు తెరెక్-సూ ఊరికి వచ్చేసరికి గొర్రెలు కొండ మేతల నుంచి దిగిపోయాయి. పనుల కోసం రష్యా వెళ్ళినవాళ్ళ పిల్లలు ఏ ఇంట్లో ఎవరి దగ్గర ఉంటున్నారో తెలుసుకోవడం వాళ్ళ పని. అలాంటి పిల్లలకి జబ్బు చేసినా, బడి మాన్పించినా, ఎవరైనా చెయ్యి చేసుకున్నా అడగడానికి ఒక మనిషి ఉండాలని వాళ్ళ ఉద్దేశం. నరీన్ పట్నం నుంచి చినారా అనే అమ్మాయి వచ్చి ఇల్లిల్లూ తిరిగింది.

గొర్రెలు మేపే జుమాకాదిర్ ఇంట్లో ఆమెకి, పెద్దలకీ అతిథులకీ ఇచ్చే పై చోటు చూపించి కూర్చోబెట్టారు. ఆయన భార్య బూరుల్ పాలు కలిపిన టీ పోసి, నూనెలో వేయించిన బోర్సోక్ పిండి ముక్కలు గుడ్డ మీద కుమ్మరించింది.

"పిల్లలెంతమంది పెద్దమ్మా?" అని అడిగింది చినారా.

"ముగ్గురమ్మా. పెద్దాడు ఉలర్‌బెక్. వాడూ కోడలూ రష్యాలో ఉన్నారు, వాళ్ళకో పిల్లాడు ఎమిల్, వాడూ అక్కడే. నడిపిదాన్ని ఓష్‌లో ఇచ్చాం. చిన్నది ఇదిగో, పెరిజాత్."

చినారా పెరిజాత్‌ని చూసింది. పదేళ్ళ పిల్ల. బూరుల్‌ని చూసింది. అరవై దాటిన మనిషి.

"చిన్నది బాగా ఆలస్యంగా పుట్టినట్టుందే?"

"దేవుడు ఇచ్చినప్పుడే కదమ్మా పుట్టేది. తిను, చల్లారిపోతాయి."

జుమాకాదిర్ తన టీ తాగుతున్నాడు. ఆయన మామూలుగానే ఏమీ అనడు. చినారా కూడా ఆ నేల మీద పుట్టిన పిల్లే కాబట్టి సంగతి అర్థమైంది. పిల్ల ఎదురుగా అడగకూడదని తెలుసు కాబట్టి అడగలేదు. ఆ ఇంట్లో తల్లిదండ్రులు దగ్గర లేని పిల్లలెవరూ లేరని రాసుకుని వెళ్ళిపోయింది.

బూరుల్ చెప్పింది అబద్ధమని ఆ ఊళ్ళో ఎవరూ అనరు. కొడుక్కి పుట్టిన తొలిచూలు బిడ్డ ఇంటి ముసలివాళ్ళదని అక్కడి ఆచారం. పెరిజాత్ పుట్టిన నలభయ్యో రోజున బూరుల్ పసిదాన్ని అందుకుని తన చొక్కా మెడలోంచి లోపలికి వేసి కిందనుంచి బయటికి తీసింది. దాంతో ఆ పిల్ల ఆవిడ కన్న పిల్లే అయింది. కోడలు నుర్జాదాకి అప్పటికి పందొమ్మిదేళ్ళు. ఆమెని ఇష్టమా అని అడిగినవాళ్ళు లేరు. ఒకప్పుడు బూరుల్‌నీ ఆవిడ అత్తమామలు అడగలేదు. పెరిజాత్ కన్నతండ్రిని అన్నా అంటూ, కన్నతల్లిని వదినా అంటూ పెరిగింది. తాతనీ నాయనమ్మనీ నాన్నా అమ్మా అంది. ఊరంతా ఎరిగిన సంగతే. తెలియనిది పెరిజాత్‌కే.

ప్రోగ్రాం వాళ్ళ డాక్టర్లు బడికి వచ్చినప్పుడు తిరకాసు మొదలైంది. పెరిజాత్ ఎడమ చెవి రెండేళ్ళుగా చీము కారుతోంది. ఎండిన మూలికలు కాచి పోశారు, గొర్రె కొవ్వు వెచ్చచేసి రాశారు. తగ్గేది, మళ్ళీ వచ్చేది. ఇప్పుడు ఆ పక్కనుంచి పిలిస్తే పలకడం లేదు. డాక్టరు దీపం పెట్టి చూసి, చెవి పక్క ఎముక పుచ్చుతోందనీ, అది లోపలికి పాకితే మెదడుకి ఎక్కుతుందనీ, చలి ముదిరేలోపు రాజధాని బిష్కెక్‌లో కోయించాలనీ చెప్పాడు. ఖర్చంతా ప్రోగ్రాందే.

మర్నాడు చినారా నేరుగా గొర్రెల దొడ్డి దగ్గరికి వచ్చింది. జుమాకాదిర్ కంచె కర్రలు బిగిస్తున్నాడు.

"పెదనాన్నా, కన్నవాళ్ళ సంతకం లేందే ఆస్పత్రివాళ్ళు కత్తి పట్టరు. మీ అబ్బాయి రాగలడా?"

"రాలేడు. ఇద్దరి కాగితాలూ అక్కడ ఆఫీసులో ఇరుక్కున్నాయి. వసంతం దాకా కదలకూడదట."

"అయితే మీరు సంరక్షకుడిగా రాయించుకోవాలి. గ్రామ కార్యాలయంలో కమిటీ ఉంది, వాళ్ళ ముందు చెబితే చాలు. పిల్ల కూడా రావాలి."

కర్రకి తాడు చుడుతున్న చెయ్యి ఆగింది.

"పిల్లెందుకు?"

"పదేళ్ళు నిండిన పిల్లని అడక్కుండా ఆ పిల్ల గురించి ఏదీ తేల్చకూడదు. రూలు."

జుమాకాదిర్ తాడు చుట్టడం ముగించి ముడి వేశాడు. వస్తానన్నాడు.

కమిటీలో ముగ్గురు. అధ్యక్షుడు ఎస్తెబెస్, జుమాకాదిర్‌కి వరసకి తమ్ముడు. బడి పంతులమ్మ సల్తనాత్. మందులిచ్చే నర్సు ఒకావిడ. ప్రోగ్రాం తరఫున చినారా ఓ పక్క కూర్చుంది. గదిలో పొయ్యి రాజుకుంటోంది. పెరిజాత్ శుభ్రంగా జడలు వేసుకుని తండ్రి పక్కన బల్ల మీద కూర్చుంది. చెవి చూపించడానికి తెచ్చారనుకుంటోంది.

ఎస్తెబెస్ గొంతు సవరించుకున్నాడు. "సరే అన్నా, పద్ధతి ప్రకారం అడగాలి, అడుగుతున్నాను. ఈ పిల్ల మీకేమవుతుంది?"

ఏం చెప్పాలో జుమాకాదిర్ ముందే అనుకుని వచ్చాడు. దారంతా మనసులో చెప్పుకున్నాడు కూడా. తీరా నోరు తెరిస్తే పదేళ్ళుగా వచ్చే మాటే వచ్చింది.

"కూతురు."

నర్సు పొయ్యి వైపు చూసింది. సల్తనాత్ తలగుడ్డ సర్దుకుంది. ఎస్తెబెస్ పెద్దవాడి మాట పిల్ల ముందు కాదనలేక తల ఊపాడు.

"అవును, కూతురే. మనకి తెలియదా?"

"రాసుకోనా మరి?" అంది సల్తనాత్ మెల్లగా.

"రాసుకో. చిన్న కూతురు అని రాసుకో."

చినారా అందరి ముఖాలూ చూసింది. ఎవరూ ఆమె కళ్ళలోకి చూడలేదు. ఆమె లేచి, "మళ్ళీ వారం కూర్చుందాం," అని గడపవతలికి నడిచింది. జుమాకాదిర్ వెనకే వచ్చాడు.

"కన్నతండ్రికి సంరక్షకుడి కాగితం ఎవరిస్తారు పెదనాన్నా? అలా రాసి పంపితే బిష్కెక్‌లో నవ్వి మొహాన కొడతారు. పుట్టిన కాగితంలో తండ్రి పేరు మీ అబ్బాయిది."

"పిల్లని బయటికి పంపి అడగొచ్చుగా."

"ఎవరు పడితే వాళ్ళు నాది నాది అంటూ పిల్లల్ని లాక్కుపోకుండా పెట్టిన రూలు అది. పిల్ల లేకుండా కుదరదు."

"నేను ఎవరు పడితే వాడినా?"

"కాదు. అందుకేగా మీకింత కష్టంగా ఉంది," అంది చినారా. తరవాత గొంతు తగ్గించింది. "ఆ పిల్లకి ఈ మాట నేను చెప్పను. ఎస్తెబెస్ చెప్పకూడదు. మీరే చెప్పాలి. కొండదారి మూసుకుపోయేలోపు చెప్పండి."

ఇంటికొచ్చాక బూరుల్ సంగతంతా విని, "రేపే చెప్పెయ్యి," అంది.

"నువ్వు చెప్పరాదూ?"

"నేనా? గుడ్డల్లోంచి దూర్చి తీసి నాదే అన్నదాన్ని, నా నోటితో కాదని ఎలా అనను? నువ్వు మొగాడివి. మీసం ఎందుకు పెంచావు?"

దొడ్లో అడుగున పేరుకుని గట్టిపడిన గొర్రెల ఎరువుని పారతో పలకలుగా కోసి, చలికాలానికి పిడకల కుప్ప వేసే రోజులవి. మర్నాడు జుమాకాదిర్ కోస్తుంటే పెరిజాత్ ఒక్కో పలకా మోసి గోడవారగా పేరుస్తోంది. ఆయన పార ఆపి, పిల్ల పక్కకి వెళ్ళి నిలబడి, గోడని చూస్తూ చెప్పేశాడు. నువ్వు ఉలర్‌బెక్ కూతురివి, నుర్జాదా కన్నది, మేము తాతా నాయనమ్మలం, మన ఇళ్ళలో తొలి బిడ్డని ఇలాగే పెంచుకుంటాం. పెరిజాత్ పలక పెట్టి ఇంకోదానికి వెళ్ళింది. ఏమీ అనలేదు. ఆయనకి గుండె తేలికపడింది. ఇంత సులువైన పనికి ఇన్నాళ్ళు జంకానా అనుకున్నాడు.

"చెప్పావా?" అంది బూరుల్ భోజనం దగ్గర.

"చెప్పాను."

"ఏమంది?"

"ఏమీ అనలేదు."

బూరుల్ రొట్టె తుంచుతున్నదల్లా ఆగింది. "ఏ పక్క నిలబడి చెప్పావు?"

జుమాకాదిర్ చెయ్యి తన ఎడమ చెవి మీదికి పోయింది.

"అదీ సంగతి. చెవిటి పక్క చూసుకుని నిలబడ్డావు. గోడకి చెప్పినా ఇంతకన్నా నయం, తిరిగి మోగేది. నడు. ఇప్పుడే నడు. కుడిపక్క నిలబడు, నేను చూస్తాను."

ఆయన లేచాడు. పెరిజాత్ వాకిట్లో కుక్కకి ఎముకలు వేస్తోంది. బూరుల్ తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది. జుమాకాదిర్ కుడిపక్కకి వెళ్ళి, కుక్కని చూస్తూ, అవే మాటలు మళ్ళీ చెప్పాడు.

పెరిజాత్ ఎముక చేతిలోనే పట్టుకుని ఆలోచించింది.

"అయితే ఎమిల్ నాకు మేనల్లుడు కాదా?"

"కాదు. తమ్ముడు."

"నేను వాడికి అత్తని కానా?"

"కావు. అక్కవి."

"మొన్న ఫోన్లో కూడా అత్తా అనమని తిట్టాను వాణ్ణి. అనిపించాను." ఆమె ముఖం ఎర్రబడింది. "వాడికి తెలుసా?"

"వాడు నీకన్నా చిన్నవాడు, వాడికేం తెలుసు?"

"బడిలో పిల్లలకి తెలుసా?"

ఆయన వంగి కుక్క మెడ నిమిరాడు. అదే జవాబని పిల్లకి తెలిసింది. ఎముక కుక్కకి విసిరేసి లోపలికి పోయింది.

ఆ రోజు నుంచి పెరిజాత్ ఆయన్ని ఏమీ పిలవడం మానేసింది. అలిగిందనడానికి లేదు. చెప్పిన పని చేస్తుంది, అడిగితే జవాబిస్తుంది, అన్నం తింటుంది. "టీ పెట్టారు, రమ్మంటున్నారు" అని గాలికి చెప్పినట్టు చెబుతుంది. గొర్రె తప్పిపోతే దొడ్డి నుంచి "ఇదిగో! ఇటు!" అని కేక వేస్తుంది. నాన్నా అనదు. తాతా అని కూడా అనదు. బూరుల్‌ని మాత్రం రెండో రోజుకే అమ్మా అనేసింది, జడ వేయించుకోవాలి కదా. జుమాకాదిర్‌తో అంత అవసరం పడలేదు. జీవితంలో ఎంతమంది తనని ఏమని పిలిచినా ఆయన పట్టించుకున్నవాడు కాదు. ఇప్పుడు దొడ్లో నిలబడి ఇంటివైపు చెవి పెట్టి వింటున్నాడు.

"కాదంటే?" అన్నాడు ఒకసారి బూరుల్‌తో. "అక్కడ అందరి ముందూ, ఈయన నాకొద్దు అంటే?"

"అంటే అంది. చెవి పుచ్చి చచ్చిపోయే పిల్లకన్నా, నన్నొద్దనే పిల్ల మేలు కాదూ?"

కొండ తలల మీద మంచు పడ్డ రోజున కమిటీ రెండోసారి కూర్చుంది. ఈసారి చినారా కన్నవాళ్ళ ఒప్పుదల కూడా ఫోన్లో బొమ్మతో సహా కావాలని ముందే కబురు పెట్టింది. ఉలర్‌బెక్ పని దగ్గర దొరకలేదు. నుర్జాదా దొరికింది. చినారా ఫోన్‌ని నీళ్ళ జగ్గుకి ఆనించి అందరికీ కనబడేలా నిలబెట్టింది. అందులో నుర్జాదా తలగుడ్డ సవరించుకుని, పెద్దవాళ్ళని చూసి వంగి నమస్కారం పెట్టింది. ఆమె వెనకాల ఇనుప మంచాలు, ఆరేసిన బట్టలు ఉన్నాయి.

ఎస్తెబెస్ మొదలుపెట్టాడు. "అన్నా, ఈ పిల్ల మీకేమవుతుంది?"

"మనవరాలు," అన్నాడు జుమాకాదిర్. పక్కకి చూడలేదు. "నా కొడుకు కూతురు."

సల్తనాత్ రాసుకుంది. రాస్తూ ముక్కు తుడుచుకుంది.

"అమ్మా నుర్జాదా, నీ కూతుర్ని ఎవరి సంరక్షణలో ఉంచడానికి ఒప్పుకుంటున్నావో పేరు చెప్పు. పేరూ, తండ్రి పేరూ స్పష్టంగా చెప్పాలి, ఇది రికార్డవుతోంది."

"మా ఇంటి పెద్దాయన దగ్గర," అంది నుర్జాదా.

"పేరు చెప్పమ్మా."

"మీకు తెలుసు కదా చిన్నమావయ్యా. మా ఆయన్ని కన్నవారు. పై చోటులో కూర్చునేవారు."

నర్సు నవ్వు ఆపుకుంది. కోడలు మామగారి పేరు పలకదు. నుర్జాదా ఆ విషయంలో మరీ నిష్ఠ గల మనిషి. మామగారి పేరు ముందు జుమా అని ఉందని, జుమా అంటే శుక్రవారమని, శుక్రవారాన్ని కూడా పేరుపెట్టి అనేది కాదు. సంత ముందురోజు అనేది.

"ఇలా అయితే కుదరదమ్మాయ్," అన్నాడు ఎస్తెబెస్. "పై చోటు అని రాస్తే బిష్కెక్‌లో ఏమనుకుంటారు? వాళ్ళ ఊళ్ళో అందరికీ పై చోటుంటుంది."

"రాసి చూపిస్తాను, సరిపోదా?"

"నోటితో చెప్పాలి," అంది చినారా. "నన్ను తిట్టుకోండి వదినా, కానీ చెప్పాలి. ఎవరో బెదిరించి రాయించారని రేపు ఎవరూ అనకూడదు."

నుర్జాదా తల వంచుకుంది. జుమాకాదిర్ ముందుకి వంగి ఫోన్‌కి దగ్గరగా ముఖం పెట్టాడు. ఆయన కోడలితో నేరుగా మాట్లాడిన సందర్భాలు తక్కువ.

"చెప్పమ్మా. నేనేం అనుకోను. నేనే అడుగుతున్నాను."

"తప్పు కదా మావయ్యా."

"నీ బిడ్డని నిన్నడక్కుండా తీసుకున్నాం. అప్పుడు నువ్వేం అనలేదు. ఇప్పుడు అనమని అందరం కూర్చున్నాం. అనేసెయ్యి."

నుర్జాదా తల ఎత్తింది. మామగారిని కాదు, ఆయన పక్కన ఉన్న పిల్లని చూసింది.

"జుమాకాదిర్," అంది. గొంతు గట్టిగానే వచ్చింది. "తోక్తోబాయ్ కొడుకు జుమాకాదిర్. పెరిజాత్ నా కూతురు. నేను కన్నాను. చెవి బాగయ్యేదాకా, ఆ తరవాత కూడా, ఆయన దగ్గర ఉండడానికి నేను ఒప్పుకుంటున్నాను." అని గుడ్డ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పొయ్యిలో కర్ర పగిలింది. ఎస్తెబెస్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"పెరిజాత్, నువ్వు చెప్పు. నీకు ఇష్టమేనా?"

పెరిజాత్ ఫోన్‌ని చూస్తోంది. వదినని ఇన్నేళ్ళూ చూసింది కానీ ఇలా చూడలేదు. కాస్త ఆగి ఎస్తెబెస్ వైపు తిరిగింది.

"సంరక్షకుడంటే ఎన్నాళ్ళుంటాడు?"

"నీకు పద్దెనిమిదేళ్ళు నిండేదాకా."

"తరవాత?"

"తరవాత అక్కర్లేదు. నువ్వు పెద్దదానివైపోతావు."

"అక్కర్లేకపోతే ఈయన ఎక్కడికి పోతాడు?"

"ఎక్కడికి పోతాడే? ఆ దొడ్లోనే ఉంటాడు, గొర్రెల వెనకాల," అన్నాడు ఎస్తెబెస్. నర్సు ఈసారి ఆపుకోకుండా నవ్వింది.

"అయితే సరే," అంది పెరిజాత్.

"సరే అంటే ఇష్టమనేనా?" అంది చినారా. "వద్దనుకుంటే వద్దని చెప్పొచ్చు. ఎవరూ కోప్పడరు."

"ఇష్టమే. కానీ ఎమిల్‌కి నేనే చెబుతాను. మీరెవరూ ముందు చెప్పకూడదు."

సల్తనాత్ అది కూడా రాయాలా అని అడిగింది. అక్కర్లేదన్నారు. జుమాకాదిర్ చూపించిన చోట సంతకం పెట్టాడు. తిరిగి వెళ్ళేటప్పుడు పెరిజాత్ ఆయన పక్కనే నడిచింది కానీ ఏమనీ పిలవలేదు. ఆయన ఏదో ఒకటి అడుగుదామనుకున్నాడు. అడిగితే తప్పక ఏదో ఒకటి చెబుతుంది, అలా వద్దనుకున్నాడు. కొనుక్కోవాల్సినవి ఏమైనా ఉన్నాయా అని మాత్రం అడిగాడు. లేవంది.

కొండదారిలో దొలోన్ కనుమ మీద మంచులో వ్యాను నెమ్మదిగా వెళ్ళింది, కానీ వెళ్ళింది. బిష్కెక్ ఆస్పత్రిలో నర్సులు కాగితం అటూ ఇటూ తిప్పి చూసి ముద్ర వేసి తిరిగిచ్చారు. ఎవరూ నవ్వలేదు. ఆపరేషన్ గది బయట జుమాకాదిర్ టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. చినారా టీ తెచ్చిచ్చింది, తాగడం మర్చిపోయాడు. డాక్టరు బయటికి వచ్చి, పుచ్చినదంతా తీసేశామని, ఎముక లోపలికి పాకలేదని, వినికిడి ఎంత తిరిగొస్తుందో చలికాలం గడిస్తే గానీ తెలియదని చెప్పాడు. జుమాకాదిర్ ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

మూడో రోజుకి పెరిజాత్ తలచుట్టూ కట్టుతో మంచం మీద లేచి కూర్చుంది. గంజి బాగోలేదంది. పక్క మంచం పిల్లతో దెబ్బలాడింది. సాయంత్రం ఆయన జేబులో ఫోన్ మోగింది. నుర్జాదా.

ఇన్నేళ్ళలో రష్యా నుంచి ఫోన్ వస్తే జుమాకాదిర్ ఆ చోటు నుంచి కదిలింది లేదు. పిల్ల ఏం మాట్లాడుతోందో, కోడలు ఏం మాట్లాడుతోందో వింటూ ఎదురుగా కూర్చునేవాడు. నోరు జారతారేమోనని. ఇప్పుడు ఫోన్ పెరిజాత్ చేతికిచ్చాడు. ఒక్క నిమిషం నిలబడ్డాడు. తరవాత బయటికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసి, వసారాలో ఉన్న బల్ల మీద కూర్చున్నాడు.

లోపల మాటలు వినబడుతున్నాయి గాని ఏమిటో తెలియడం లేదు. పెరిజాత్ గొంతు ఒకసారి పెరిగింది, తరవాత చాలాసేపు తగ్గింది. మధ్యలో నవ్వు వినిపించింది. ఎవరి నవ్వో తెలియలేదు. ఆమె అవతలి మనిషిని వదినా అంటోందో, అమ్మా అంటోందో, అసలేమీ అనకుండానే లాగిస్తోందో తెలుసుకోవాలని ఆయనకి ఉంది. కాస్త ముందుకి వంగితే వినబడేది. వంగలేదు. వసారాలో నేల తుడిచే ఆవిడ వచ్చి కాళ్ళెత్తమంటే ఎత్తాడు, దించమంటే దించాడు.

"లోపల మీ అమ్మాయా?" అని అడిగింది ఆవిడ.

ఆయన జవాబు వెతుక్కునేలోపు లోపలి నుంచి కేక వచ్చింది.

"నాన్నా! ఫోన్ చచ్చిపోతోంది! ఛార్జరెక్కడ పెట్టావ్?"

జుమాకాదిర్ లేచి, కోటు జేబులన్నీ తడుముకుంటూ తడి నేల మీదే నడిచాడు. వెనకనుంచి ఆవిడ తిట్టింది.